మారుపేరుతో బతికే మనిషి కథ: ఈ రకం థ్రిల్లర్ నవలలపై తరచుగా అడిగే ప్రశ్నలు

దొంగ పేరుతో, అల్లుకున్న గతంతో జనం మధ్యే తిరుగుతూ దాక్కున్న మనిషి. అతని చుట్టూ నడిచే నవలలంటే ప్రాణం పెట్టే పాఠకులూ, అలాంటిది ఒకటి రాయాలని కూర్చున్నవాళ్లూ మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. కొన్నిటికి జవాబు రెండు మాటల్లో తేలిపోతుంది. కొన్నిటికి నిజంగా జరిగిన కేసులు చెప్పుకోక తప్పదు.

మామూలు క్రైమ్ నవలకీ దీనికీ తేడా ఏమిటి?

అపరాధ పరిశోధన నవలని "చేసింది ఎవరు?" అన్న ప్రశ్న చివరిదాకా లాక్కెళుతుంది. ఇక్కడ చేసింది ఎవరో చాలాసార్లు ముందే తెలుస్తుంది. ఈ మనిషి ఇంకెంతకాలం నెట్టుకొస్తాడు అన్నదే మనల్ని కుదురుగా కూర్చోనివ్వదు. పక్కింటావిడ మాటవరసకి "మీది ఏ ఊరన్నారూ?" అని అడిగినా గుండె ఝల్లుమంటుంది. తుపాకీ పేలకుండా, కారు పరుగెత్తకుండా మామూలు పలకరింపులోంచి టెన్షన్ పుట్టించే వీలు ఈ కథలకు ఉన్నంతగా మరే రకానికీ లేదు. అందుకే థ్రిల్లర్లలో దీన్ని అన్నిటికన్నా పై మెట్టు మీద పెడతాను.

నేరం చేసి పారిపోయినవాడు దొరక్కూడదని పాఠకుడు ఎందుకు కోరుకుంటాడు?

ఎవరి కళ్లతో లోకాన్ని చూస్తున్నామో వాళ్ల భయం మనకూ అంటుకుంటుంది. పైగా అతని గుట్టు ఆ ఊళ్లో ఎవరికీ తెలియదు, మనకు మాత్రం తెలుసు. గుట్టు పంచుకున్నాక మనమూ అందులో వాటాదారులమే.

అయితే దీన్ని రచయిత అలుసుగా తీసుకోకూడదు. అతని వల్ల నష్టపోయినవాళ్లకి కథలో పేరుండాలి, గొంతుండాలి. "గతంలో ఏదో జరిగింది" అని మసకగా వదిలేసి పలాయనాన్ని మాత్రం ఉత్సాహంగా రాస్తే, పుస్తకం మూసేసరికి పాఠకుడికి తనని మోసం చేశారన్న భావన మిగులుతుంది. ఏదో ఒక అధ్యాయంలో అతను చేసిన పని పూర్తిగా, దాపరికం లేకుండా కళ్లకు కట్టాలి. ఆ తర్వాత కూడా పాఠకుడు అతనితో నడిస్తే అప్పుడది రచయిత గెలుపు.

ఈ రకం కథ ఎప్పటి నుంచి ఉంది?

మనకైతే విరాటపర్వం నుంచి. తిక్కన మహాభారతాన్ని తెలుగు చేయడం మొదలుపెట్టింది కూడా ఆ పర్వంతోనే. ఈ రకం నవల రాయాలనుకునేవాళ్లు దాన్ని పుణ్యం కోసం కాకుండా పని నేర్చుకోవడం కోసం ఒకసారి చదవాలి. పన్నెండేళ్ల అరణ్యవాసం అయ్యాక పదమూడో ఏడు ఎవరికీ తెలియకుండా గడపాలి. బయటపడితే మళ్లీ పన్నెండేళ్లు అడవి. గడువు ఉంది, వెతికే వేగులున్నారు, దొరికితే ఏమవుతుందో స్పష్టంగా ఉంది.

పాండవులు ఆ ఏడాదికి వేసుకున్న పథకం చూడండి. ఆయుధాలు మూటగట్టి ఊరి బయట శ్మశానం దగ్గర జమ్మిచెట్టు మీద పెట్టి, ఎవరూ దగ్గరికి రాకుండా దానికి ఒక శవాన్ని కట్టారు. జనానికి చెప్పే పేర్లు కాక, అవసరమైతే తమలో తాము పిలుచుకోవడానికి జయుడు, జయంతుడు, విజయుడు, జయత్సేనుడు, జయద్బలుడు అని మరో ఐదు రహస్య నామాలు పెట్టుకున్నారు. విరాటుడి కొలువులో ధర్మరాజు "నేను యుధిష్ఠిరుడి మిత్రుణ్ణి" అన్నాడు, భీముడు ఆయన దగ్గర వంట చేసేవాణ్ణన్నాడు, ద్రౌపది తాను ద్రౌపది దగ్గర పని చేశానంది. అబద్ధాన్ని నిజానికి వీలైనంత దగ్గరగా ఆడటమన్నమాట. ఎవరైనా గుచ్చి అడిగితే జవాబులకి తడుముకోనక్కర్లేదు.

ఇంత జాగ్రత్తపడ్డవాళ్లని పట్టించినంత పని చేసినవేమిటి? కీచకుడు ద్రౌపది జోలికి వస్తే భీముడు చేతులు ముడుచుకుని ఉండలేకపోయాడు. ఆ చావు కబురే హస్తినకి చేరి సుశర్మనీ, కౌరవులనీ విరాట రాజ్యం మీదికి కదిలించింది. ఇంకో ఘట్టం నాకు మరీ ఇష్టం. ఉత్తరుడు కౌరవుల్ని గెలిచాడని విరాటుడు పొంగిపోతుంటే, కంకుభట్టు వేషంలో ఉన్న ధర్మరాజు "బృహన్నల సారథిగా ఉండగా గెలవక ఏం చేస్తాడు" అని మళ్లీ మళ్లీ అంటాడు. రాజు కోపంతో పాచిక విసిరితే ముక్కు నుంచి రక్తం కారుతుంది. సహనానికి మారుపేరైన ధర్మరాజు కూడా తమ్ముడి గొప్ప వేరొకరికి దక్కుతుంటే నోరు కట్టుకోలేకపోయాడు. మారుపేరుతో ఉన్న మనిషి ఎక్కడ తప్పటడుగు వేస్తాడో ఈ రెండు ఘట్టాల్లోనే ఉంది: తాను వదులుకోలేని మనుషుల దగ్గర.

నిజ జీవితంలో ఇలా దాక్కున్నవాళ్లు ఎలా దొరికారు?

ముఖం వల్లో, కాగితాల వల్లో మాత్రమే అందరూ దొరకలేదు. కొన్ని పెద్ద కేసుల్లో వాళ్లని పట్టించింది వాళ్లు వదులుకోలేకపోయినదే.

బోస్టన్ ముఠా నాయకుడు జేమ్స్ వైటీ బల్జర్ పదహారేళ్లు ఎఫ్‌బీఐకి చిక్కలేదు. కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో చార్లీ గాస్కో అన్న పేరుతో ఒక అద్దె ఇంట్లో ఉన్నాడు. అతని కోసం ఎంత ప్రచారం చేసినా ఫలితం లేకపోవడంతో 2011లో ఎఫ్‌బీఐ ఎత్తు మార్చింది. అతనితో ఉంటున్న స్త్రీ ఫొటోలతో టీవీ ప్రకటనలు వేసింది. ఒకప్పుడు ఆ వీధిలో ఉన్న ఒకావిడ ఆమెను గుర్తుపట్టింది. వీధి పిల్లిని సాకుతున్న జంటగా వాళ్లు ఆవిడకి పరిచయం. రోజుల్లోనే బల్జర్ అరెస్టయ్యాడు. అతని ఇంటి గోడల్లో ముప్పై తుపాకులు, ఎనిమిది లక్షల డాలర్లకు పైగా నగదు దొరికాయి.

నాజీ అధికారి అడాల్ఫ్ ఐక్‌మన్ అర్జెంటీనాలో రికార్డో క్లెమెంట్ అయ్యాడు. కొడుకులు మాత్రం ఐక్‌మన్ అన్న ఇంటిపేరే ఉంచుకున్నారు. పెద్ద కొడుకు ఒక అమ్మాయితో స్నేహం చేశాడు. ఆ అమ్మాయి నాన్న నాజీల హింస తప్పించుకుని వచ్చినవాడని అతనికి తెలియదు. ఆ తండ్రికి చూపు లేదు. అయినా పేరూ, ఆ కుర్రాడి మాటలూ విని అనుమానించి జర్మనీకి ఉత్తరం రాశాడు. ఆ కొస పట్టుకునే 1960 మే నెలలో ఇజ్రాయెల్ ఏజెంట్లు బ్యూనస్ ఎయిరిస్ శివార్లలో ఐక్‌మన్‌ను పట్టుకున్నారు. విచారణ తర్వాత 1962లో ఉరి తీశారు.

జాన్ లిస్ట్ 1971లో న్యూజెర్సీలో తన తల్లినీ, భార్యనీ, ముగ్గురు పిల్లల్నీ చంపి మాయమయ్యాడు. రాబర్ట్ క్లార్క్ అన్న పేరుతో మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. అంతకుముందు అకౌంటెంట్, తర్వాతా అకౌంటెంటే. అదే శాఖకు చెందిన చర్చికే వెళ్లేవాడు. 1989లో ఒక టీవీ కార్యక్రమం కోసం శిల్పి ఫ్రాంక్ బెండర్ అతను పద్దెనిమిదేళ్ల తర్వాత ఎలా ఉంటాడో ఊహించి తల బొమ్మ చేశాడు. ఆ స్వభావం ఉన్నవాడు దళసరి ఫ్రేమ్ కళ్లజోడే పెట్టుకుంటాడని అంచనా వేసి బొమ్మకి అదే పెట్టాడు. పాత పరిచయస్తులు చూసి గుర్తుపట్టారు. మనిషి స్వభావాన్ని బట్టి ముఖాన్ని ఊహించిన ఆ శిల్పి, నా దృష్టిలో, ఈ రకం నవలలో రావలసిన పరిశోధకుడికి చక్కటి నమూనా.

బోస్నియా సెర్బుల నాయకుడు రదోవాన్ కరాజిచ్ యుద్ధ నేరాల కేసులో పదమూడేళ్లు తప్పించుకుని 2008 జూలైలో బెల్‌గ్రేడ్‌లో ఒక బస్సులో దొరికాడు. తెల్ల గడ్డం, ముడి వేసిన జుట్టు, డ్రాగన్ డాబిచ్ అన్న పేరు. చేస్తున్న పని ప్రత్యామ్నాయ వైద్యం. పత్రికకి వ్యాసాలు రాసేవాడు, సభల్లో ఉపన్యాసాలిచ్చేవాడు. అసలు చదువు మానసిక వైద్యం. రోగుల్నీ శ్రోతల్నీ వదులుకుని నోరు మూసుకుని బతకడం అతని వల్ల కాలేదు.

కాబట్టి మీ కథానాయకుడు ఏ దారిలో దొరుకుతాడో తేల్చుకునే ముందు, అతను దేన్ని వదులుకోలేడో కాగితం మీద రాసుకోండి. కథ ఆ దారిలో తానే నడుస్తుంది.

మారుపేరు ఎలా ఉండాలి?

పేరు ఎంచుకునే ఘట్టం చిన్నదే, కానీ నాయకుడి స్వభావం అక్కడే తెలుస్తుంది. కంగారులో ఉన్నవాడు ఎదురుగా బోర్డు మీద కనబడ్డ పేరు చెప్పేస్తాడు. ముందుచూపున్నవాడు ఎవరికీ గుర్తుండనంత మామూలు పేరు ఏరుకుంటాడు. అమెరికాలో సాక్షి రక్షణలోకి (సాక్ష్యం చెప్పినవాళ్లకి కొత్త పేరిచ్చి ప్రభుత్వమే దాచే ఏర్పాటు) వెళ్లేవాళ్లలో చాలామంది మొదటి పేరో, పొడి అక్షరాలో పాతవే ఉంచుకుంటారు. వెనక నుంచి ఎవరో పిలిస్తే తిరిగే మెడకీ, సంతకం పెట్టే చేతికీ పాత అలవాటు అంత తొందరగా పోదు.

పేరు వెనక మరో మనిషి ఉంటే కథ ఇంకా చిక్కబడుతుంది. బ్రిటన్ ఎంపీ జాన్ స్టోన్‌హౌస్ 1974 నవంబర్‌లో మయామీ బీచ్‌లో బట్టలు వదిలేసి, మునిగిపోయాడని అందరూ అనుకునేలా చేశాడు. అంతకుముందే తన నియోజకవర్గంలో చనిపోయిన ఇద్దరి పేర్లు తనకోసం తీసిపెట్టుకున్నాడు. ఆ ఇద్దరి భార్యలూ బతికే ఉన్నారు. ఆ భార్యల్లో ఒకరి కథ ఎవరైనా నవలగా రాస్తే నేను ముందుగా కొంటాను. పోయిన భర్త పేరు ఎక్కడో ఇంకో మనిషి నోట వినబడిన రోజు ఆవిడకి ఎలా ఉంటుంది?

అసలు సంగతి పాఠకుడికి ఎప్పుడు చెప్పాలి?

ఎక్కువ మంది చివరిదాకా దాచాలనుకుంటారు. దాని వల్ల ఒక్క షాక్ దొరుకుతుంది, దానికోసం మూడు వందల పేజీల టెన్షన్ పోతుంది. ఒక పెళ్లి అనుకోండి. గ్రూప్ ఫొటో తీస్తున్నారు. చివర నిలబడ్డ ఒకతను తల కొంచెం పక్కకి తిప్పాడు. ఫొటోగ్రాఫర్ "సార్, ఇటు చూడండి" అన్నాడు. అతను ఎవరో పాఠకుడికి తెలియకపోతే ఇది పెళ్లి వర్ణనలో ఒక వాక్యం. మూడు అధ్యాయాల కిందటే తెలిసి ఉంటే ఊపిరి బిగపట్టే సన్నివేశం. పెళ్లికూతురు వచ్చి "మీరు లేకుండా ఫొటో ఏమిటి బాబాయ్" అని చెయ్యి పట్టుకుని మధ్యలోకి లాక్కెళ్లిందంటే, ఆ పిల్ల ప్రేమే అతనికి ప్రమాదంగా మారింది. ఈ సన్నివేశానికి ముందుగా తెలియడమే ప్రాణం.

నా సలహా ఏమిటంటే, అతను దాక్కున్నాడన్న సంగతి మొదటి పాతిక పేజీల్లో చెప్పేయండి. ఎవరి నుంచి దాక్కున్నాడో నాలుగో వంతు కథకి తెలియనివ్వండి. ఎందుకు చేశాడన్నది మాత్రం దాచుకోండి, అది ఎంత ఆలస్యమైనా పాఠకుడు ఓపిక పడతాడు.

నాయకుడే "నేను" అంటూ చెప్పే కథలో గుట్టు దాచితే మోసం కాదా?

మిగతా పాత్రలతో ఎన్ని అబద్ధాలైనా ఆడనివ్వండి. ఒంటరిగా ఉన్నప్పుడు అతని మనసులోని మాట మాత్రం అబద్ధం కాకూడదు. అతను కొన్ని సంగతులు తలచుకోడానికే భయపడి పక్కకి తప్పుకోవచ్చు. అలా తప్పుకుంటున్నట్టు పాఠకుడికి తెలియాలి. రెండోసారి చదివినప్పుడు ప్రతి వాక్యమూ నిజమే అనిపిస్తే న్యాయంగా ఆడినట్టు. ఇంకొకటి, ఇంత దాపరికంగా బతికేవాడు ఇదంతా ఎవరికి చెబుతున్నాడన్న ప్రశ్నకి నవలలో ఎక్కడో జవాబుండాలి. కూతురికి రాసిన ఉత్తరమో, లాయరు ముందు వాంగ్మూలమో, ఏదైనా సరే.

కథనంలో అతన్ని ఏ పేరుతో పిలవాలి?

చుట్టూ ఉన్నవాళ్లు ఏ పేరుతో పిలుస్తారో అదే. అసలు పేరు మొదటిసారి వినబడే చోటు చాలా విలువైనది, దాన్ని అట్ట వెనక నాలుగు లైన్ల పరిచయంలో పారేసుకోకండి.

భార్యాపిల్లలకి తెలియకుండా ఏళ్లపాటు ఎలా కుదురుతుంది? నమ్మేలా ఉండదు కదా?

అందరికన్నా ఎక్కువగా అడిగేది ఇదే. కుదిరిన సందర్భాలు చరిత్రలో ఉన్నాయి. జాన్ లిస్ట్ రెండో భార్యకి అతను పట్టుబడే వరకూ ఏమీ తెలియదు.

పదహారో శతాబ్దపు ఫ్రాన్స్‌లో మార్టిన్ గెర్ కేసు ఇంకా వింతైనది. ఇల్లు విడిచి వెళ్లిన మార్టిన్ ఏళ్ల తర్వాత తిరిగొచ్చాడని ఊరంతా నమ్మింది. భార్య అతనితో కాపురం చేసింది, పిల్లల్ని కన్నది. ఆస్తి దగ్గర పేచీ వచ్చాకే ఇతను వేరే మనిషన్న మాట కోర్టుకెక్కింది. 1560లో తుళూజ్ కోర్టులో అతను వాదనలో దాదాపు గెలిచే దశలో ఉండగా, కర్రకాలుతో అసలు మార్టిన్ గెర్ లోపలికి నడిచి వచ్చాడు. ఆర్నో దు తిల్ అనే ఆ వేషధారిని ఉరి తీశారు. భార్యకి మొదటి నుంచీ తెలుసా, తెలియదా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు.

నవలకి పనికొచ్చేది సరిగ్గా ఆ సందేహమే. భార్య అమాయకురాలు, భర్త మోసగాడు అని రెండు గీతలు గీస్తే పాత్రలు చచ్చిపోతాయి. కలిసి బతికే మనిషికి ఏదో ఒకటి తెలుస్తూనే ఉంటుంది. నిద్రలో కలవరింత, ఎవరికీ చెప్పని ఊరి యాస, చుట్టాలెవరూ రాని పండుగ, ఎప్పుడూ తాళం తీయని సొరుగు. తెలిసి అడగకుండా ఉండటానికి ఆవిడకి కారణాలుంటాయి: బతుకు కుదురుగా ఉంది, పిల్లలున్నారు, అడిగితే ఇది పోతుంది. ఆ మౌనం ఎప్పుడు తెగుతుందన్నది ఒక అధ్యాయానికి సరిపడా నాటకం.

భార్యకి అంతా తెలిసి, పిల్లలకి తెలియకపోతే కథ ఇంకా కరకుగా ఉంటుంది. ఇంగ్లండ్‌లో జాన్ డార్విన్ 2002లో చిన్న పడవలో సముద్రంలోకి వెళ్లి చనిపోయినట్టు నటించాడు. భార్య ఇన్సూరెన్స్ డబ్బు తీసుకుంది. ఇద్దరు కొడుకులు మాత్రం తండ్రి నిజంగా పోయాడనే ఏళ్లపాటు దుఃఖపడ్డారు. అంతకాలమూ అతను బతికే ఉన్నాడు, కొంతకాలం పక్కింట్లోనే ఉన్నాడు. 2007 డిసెంబర్‌లో తనే లండన్‌లో పోలీస్ స్టేషన్‌కి వచ్చి ఏమీ గుర్తు లేదన్నాడు. కొద్ది రోజులకే భార్యాభర్తలిద్దరూ 2006లో పనామాలో నవ్వుతూ దిగిన ఫొటో ఇంటర్నెట్‌లో బయటపడింది. దంపతులిద్దరికీ జైలు శిక్ష పడింది. ఈ కథలో నన్ను కలచేది ఇన్సూరెన్స్ మోసం కన్నా, ఆ కొడుకులు పడ్డ దుఃఖం.

వేషం, ప్లాస్టిక్ సర్జరీ ఎంతవరకు పనికొస్తాయి?

నవలలో తక్కువ. సర్జరీతో ముఖం మారిపోయిందంటే పాఠకుడి భయం సగం తగ్గిపోతుంది. నడక, నవ్వు, కోపం వస్తే గొంతు మారే తీరు, ఇవి కత్తికి లొంగవు. రాయడానికి కూడా అవే బాగుంటాయి.

దొంగ కాగితాలు సంపాదించే పద్ధతి వివరంగా రాయాలా?

అక్కర్లేదు. ఆ పద్ధతులు కాలంతో మారిపోతాయి, పుస్తకం పాతబడిపోతుంది. పైగా అలాంటి వివరం నిజంగా ఎవరికైనా దారి చూపేలా ఉండకూడదు. కాగితం కౌంటర్ మీద పెట్టినప్పుడు అతని వేళ్లు ఎలా ఉన్నాయో రాయండి. గుమస్తా ఆ కాగితం వైపు ఒక క్షణం ఎక్కువ చూశాడని రాయండి.

ఫోన్లు, కెమెరాలు, డీఎన్‌ఏ ఉన్న ఈ కాలంలో ఇలాంటి కథ కుదురుతుందా?

కుదురుతుంది, కాకపోతే రచయిత ఎక్కువ పని చేయాలి. ఇప్పుడు మనిషి తన జాడ తాను చెరిపేసుకున్నా చాలదు, చుట్టూ ఉన్నవాళ్లు వదిలే జాడ ఉంటుంది. 2018లో కాలిఫోర్నియా పోలీసులు దశాబ్దాల నాటి హత్యల, అత్యాచారాల కేసుల్లో ఒక మాజీ పోలీసును పట్టుకున్నారు. అతని దూరపు బంధువుల డీఎన్‌ఏ ఒక వంశవృక్షాల వెబ్‌సైట్లో ఉంది, అతని దాకా వెళ్లడానికి అదే సరిపోయింది. అతను పేరు మార్చుకున్నవాడు కాదు. కానీ మారుపేరుతో ఉన్నవాడికి కూడా పిన్నమ్మ మనవరాలు సరదాగా పంపిన ఉమ్మి నమూనా ఎంత పని చేయగలదో ఊహించండి.

సాంకేతికతని తప్పించుకోవడానికి చాలామంది కథని ఇంటర్నెట్ లేని కాలానికి తీసుకెళతారు. అది తప్పేమీ కాదు. నాకు మాత్రం ఈ కాలంలోనే ఉంటూ, పుట్టినరోజు వీడియోలో వెనక నిలబడకుండా ఉండటానికి తిప్పలు పడే మనిషి కథ చదవాలనిపిస్తుంది.

సాక్షి రక్షణలో ఉన్నవాణ్ణి నాయకుడిగా పెట్టుకోవచ్చా?

మంచి ఎంపిక. నేరస్థుడి మీద సానుభూతి ఎలా అన్న చిక్కు చాలావరకు తగ్గుతుంది. అమెరికాలో 1970 నాటి చట్టంతో వచ్చిన ఈ కార్యక్రమాన్ని యూఎస్ మార్షల్స్ అనే ఫెడరల్ పోలీసులు నడుపుతారు. 1971 నుంచి సాక్షులు, కుటుంబ సభ్యులు కలిపి 19,000 మందికి పైగా కొత్త పేర్లతో కొత్త చోట్లకి వెళ్లారు. నియమాలు పాటించినవాళ్లలో ఒక్కరూ హత్యకు గురికాలేదని మార్షల్స్ చెబుతారు. నవలాకారుడు పట్టుకోవలసింది ఆ "నియమాలు పాటించినవాళ్లు" అన్న మాటని. అమ్మ చావుబతుకుల్లో ఉంది, వెళ్లకూడదు. పాత ఊళ్లో స్నేహితుడికి ఫోన్ చేయకూడదు. ఏది జరిగితే మీ నాయకుడు నియమం తప్పుతాడు?

ఇందులో చాలామంది పట్టించుకోని కోణం ఒకటుంది. ఇలా వెళ్లేవాళ్లలో ఎక్కువ మంది తామూ నేరాల్లో పాలుపంచుకున్నవాళ్లే. నిన్నటిదాకా జనం భయపడ్డ మనిషి, ఈ రోజు ఎవరో తెలియని ఊళ్లో ఎవరూ లెక్కచేయని ఉద్యోగి. ఆ చిన్నతనం భరించలేక నోరు జారే మనిషిని రాస్తే పాత్ర ఎంతో సహజంగా వస్తుంది.

వెతికేవాడు పోలీసే కావాలా?

కానక్కర్లేదు. చూపులేని ఆ తండ్రిని గుర్తు చేసుకోండి. నష్టపోయినవాళ్ల పిల్లలు, పాత ప్రేయసి, పత్రికలో చిన్న ఉద్యోగి, ఎవరైనా కావచ్చు. వెతకడం వల్ల అతని జీవితం కూడా ఏదో కోల్పోతూ ఉండాలి. అప్పుడే ఇద్దరి మధ్య తూకం కుదురుతుంది.

అసలు వేరే వాళ్ల కోసం వచ్చినవాడు కూడా కావచ్చు. స్టోన్‌హౌస్ మెల్‌బోర్న్ బ్యాంకుల్లో రెండు పేర్లతో డబ్బు అటూ ఇటూ మార్చడం ఒక బ్యాంకు ఉద్యోగి గమనించి పోలీసులకు చెప్పాడు. పోలీసులు అతన్ని, అప్పుడే ఒక హత్య కేసులో మాయమైన లార్డ్ లూకన్ అనుకుని నిఘా పెట్టారు. 1974 డిసెంబర్ 24న పట్టుకుంటే దొరికింది చనిపోయాడనుకున్న ఎంపీ. ఇంకెవరికోసమో తలుపు తడితే భుజాలు తడుముకునే గుమ్మడికాయల దొంగలా మీ నాయకుడు కంగారుపడి పరుగెత్తితే, అనవసరంగా తనని తానే పట్టించుకుంటాడు. ఆ సన్నివేశం ఎన్నిసార్లు చదివినా విసుగు పుట్టదు.

వేరే వృత్తివాడిగా నటించే నాయకుడు నమ్మదగ్గవాడేనా?

ఫెర్డినాండ్ డెమారా 1951లో ఒక నిజమైన డాక్టర్ పేరు వాడుకుని, కొరియా యుద్ధంలో కెనడా నౌకాదళపు ఓడ కయూగాలో సర్జన్‌గా పనిచేశాడు. గాయపడ్డవాళ్లకి ఆపరేషన్లు చేశాడు, వాళ్లు బతికారు. ఆ గొప్ప పని పత్రికలకెక్కడంతో వార్త అసలు డాక్టర్ ఇంటికి చేరి గుట్టు రట్టయింది. బాగా పని చేయడమే ప్రమాదమైన ఈ పరిస్థితిలో ఒక నవలకి సరిపడా సరుకుంది. ప్రాణం పోతున్న మనిషి ముందు తన నైపుణ్యం చూపాలా, దాచుకోవాలా అన్న క్షణాన్ని మించిన పరీక్ష నాయకుడికి పెట్టలేం.

జ్ఞాపకశక్తి పోయిన హీరో, కవల సోదరుడు లాంటి ట్విస్టులు వాడొచ్చా?

వద్దు. మొదటిది నాయకుడి బాధ్యతని తీసేస్తుంది, రెండోది పాఠకుడి నమ్మకాన్ని తీసేస్తుంది.

మధ్యలో కథ ఎందుకు చల్లబడుతుంది?

తృటిలో తప్పించుకున్న సన్నివేశాలే వరుసగా వస్తాయి కాబట్టి. నాలుగోసారికి పాఠకుడు "వీడు ఎలాగూ తప్పించుకుంటాడులే" అనుకుంటాడు. దీనికి విరుగుడు ఒకటే: తప్పించుకున్న ప్రతిసారీ ఏదో ఒకటి పోవాలి. ఒకసారి ఉద్యోగం. ఒకసారి నమ్మిన స్నేహితుడు. ఒకసారి, తన బదులు నింద పడ్డ అమాయకుడి ముఖంలోకి చూడగలిగే ధైర్యం. మధ్యభాగం అయ్యేసరికి అతను కాపాడుకుంటున్న బతుకులో కాపాడుకోదగ్గది ఏం మిగిలిందన్న ప్రశ్న అతనికే రావాలి.

రాసేవాళ్లకి ఇంకో మాట. ఎవరితో ఏ అబద్ధం ఆడాడో, ఏ అధ్యాయంలో ఆడాడో ఒక పట్టిక రాసుకోండి. ఒకరికి తల్లి పోయిందని, ఇంకొకరికి ఉందని చెప్పి ఉంటే, ఆ ఇద్దరూ ఒకే బల్ల దగ్గర భోజనానికి కూర్చునే రోజు మీ చేతిలో ఉంటుంది. పట్టిక లేకపోతే అదే పొరపాటుగా మిగిలి, పాఠకులు పట్టుకుంటారు.

చివరికి దొరకాలా, తప్పించుకోవాలా?

రెండూ చెల్లుతాయి. చెల్లనివి మాత్రం రెండున్నాయి. ఒకటి, సంబంధం లేని ప్రమాదంలో చనిపోవడం. రెండోది, అసలు నేరం అతను చేయనే లేదని ఆఖరి పది పేజీల్లో తేలడం. మూడు వందల పేజీలు అతని అపరాధ భావంతో కలిసి నడిచిన పాఠకుడికి ఆ రెండూ అన్యాయమే.

నాకు బాగా నచ్చే ముగింపు, పారిపోయే దారి ఇంకా తెరిచి ఉండగానే అతను తన అసలు పేరు తన నోటితో చెప్పడం. ఎవరి ముందు చెబుతాడన్నది నవలని బట్టి ఉంటుంది. పోలీసు ముందు చెబితే అది లొంగుబాటు. కూతురి ముందు చెబితే, ఆ పిల్ల ఏం చేస్తుందో కూడా మీరు రాయాల్సి ఉంటుంది.

చదవడం మొదలుపెట్టేవాళ్లు మంచి నవలని ఎలా గుర్తుపట్టాలి?

మొదటి అధ్యాయంలో నాయకుడు ఒక మామూలు మనిషితో మాట్లాడే చోటు వెతకండి. దుకాణదారో, బడిపంతులో, ఇంటి యజమానో ఎవరైనా సరే. ఆ సంభాషణ చదువుతుంటే అతను ఏ ప్రశ్నకి జవాబు చెప్పకుండా తప్పుకున్నాడో మీకు కనబడి, తర్వాతి పేజీ తిప్పాలనిపిస్తే తీసుకోండి. ఆ చోట ఏమీ జరగకుండా, మూడో పేజీలోనే పేలుడు వినబడితే పక్కన పెట్టేయవచ్చు.